జీపు సస్పెన్షన్ ఒదుగుదల

సస్పెన్షన్ ఒదుగుదల అనగా ఎగుడుదిగుడు నేలపై వాహనపు నాలుగు చక్రాలు వేరువేరు ఎత్తులలో ఉన్నప్పటికీ, ఏ చక్రమూ నేలను విడువకుండా ఉండగలిగే గుణం. ఆంగ్లంలో దీనిని ఆర్టిక్యులేషన్ అంటారు. తెలుగులో స్థిరపడిన పదం లేనందున ఈ వ్యాసంలో "ఒదుగుదల" అనే మాట వాడబడింది. ఫోర్ వీల్ డ్రైవ్ జీపులు రహదారి వదలి వాగులు, ఒర్రెలు, రాతి నేలలు దాటవలసి వచ్చినప్పుడు ఈ గుణం ముఖ్యమవుతుంది. ఇంజను ఎంత శక్తి గలదైనా, చక్రం గాలిలో తిరుగుతున్నంత సేపు ఆ శక్తి వృథాయే. ఒదుగుదలను పెంచడానికి చేసే మార్పులలో కొన్ని ఖర్చు లేనివి, కొన్ని ఖర్చుతో కూడినవి, మరికొన్ని ప్రమాదకరమైనవి. వాహనాన్ని ఎత్తు చేయడమే ఒదుగుదల పెంచడమని చాలామంది భావిస్తారు. ఈ రెండూ ఒకటి కావు.

నేల స్వభావం

కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ గల గద్వాల, ఆలంపూర్ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలో భాగమైనది. ఒదుగుదల అవసరాన్ని అర్థం చేసుకోవడానికి ఆలంపూర్ పరిసరాలు మంచి ఉదాహరణ, ఎందుకనగా కొద్ది దూరంలోనే నాలుగైదు రకాల నేలలు ఇక్కడ ఎదురవుతాయి. నదుల చేరువలో నల్లరేగడి. దానికి ఎడంగా ఎర్ర చెలకలు, అక్కడక్కడ నేల పైకి తేలిన రాతి పరుపులు. నది ఒడ్డున ఇసుక, ఒండ్రు, గుండ్రాళ్ళు. శ్రీశైలం జలాశయపు పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వేసవిలో నీరు తగ్గినప్పుడు మునక నేల బయటపడి, పైన ఎండి పగుళ్ళు బారిన ఒండ్రు, దాని క్రింద తడి ఉంటుంది. ఈ జలాశయపు ముంపు కారణంగానే కూడవెల్లి సంగమేశ్వరాలయం ఆలంపూర్‌కు తరలించబడింది.

నల్లరేగడి వేసవిలో కుంచించుకొని నెర్రెలు బారుతుంది, వానాకాలంలో ఉబ్బుతుంది. తడి నేలపై ఎద్దుల బండ్లు, ట్రాక్టర్లు నడిచిన గాళ్ళు ఎండిన తరువాత ఇటుక వలె గట్టిపడతాయి. ఆ బాటలో వెళ్ళే జీపుకు ఒక చక్రం గాడిలోను, మరొకటి గట్టుపైన ఉండడం మామూలు సంగతి. 2009 అక్టోబరులో తుంగభద్రకు వచ్చిన భారీ వరదలో కర్నూలుతో పాటు ఆలంపూర్ కూడా నీట మునిగింది. అటువంటి వరద తరువాత కోసుకుపోయిన బాటలలో సహాయం చేరవేయడానికి చివరికి మిగిలేవి ట్రాక్టర్లు, జీపులే. వాటిలోనూ ఏది ఎంతవరకు పోగలదనేది చాలావరకు ఈ ఒదుగుదలపై ఆధారపడుతుంది.

ముక్కాలిపీట, ఎద్దుల బండి, ట్రాక్టరు

మూడు కాళ్ళ పీట ఎంత గతుకుల నేలపై వేసినా ఊగదు. నాలుగు కాళ్ళ బల్ల మాత్రం నేల ఏమాత్రం సమంగా లేకపోయినా ఒక కాలు పైకి లేచి టకటకలాడుతుంది. మూడు బిందువుల గుండా ఎప్పుడూ ఒక సమతలం పోతుంది, నాలుగవ బిందువు ఆ తలంలోనే ఉండాలన్న నియమం లేదు. జీపు సమస్య అంతా ఈ నాలుగవ కాలి సమస్యే.

పల్లెలలో దీనికి రెండు పరిష్కారాలు స్ప్రింగులు లేకుండానే కనిపిస్తాయి. మొదటిది ఎద్దుల బండి. దానికి రెండే చక్రాలు, ముందు ఆధారం కాడి. కనుక అది ముక్కాలిపీట వంటిది, చక్రం గాలిలో తేలే ప్రశ్న రాదు. రెండవది ట్రాక్టరు. మామూలు ట్రాక్టరుకు వెనుక చక్రాలకు స్ప్రింగులు ఉండవు. కాని ముందు ఇరుసు మధ్యలో ఒక లావుపాటి పిన్నుపై త్రాసు కాడ వలె అటూ ఇటూ ఊగుతుంది. వెనుక రెండు చక్రాలు, ముందు పిన్ను కలిసి మూడు ఆధారాలవుతాయి. ముందు చక్రాలలో ఒకటి గట్టెక్కితే రెండవది అంత మేర దిగుతుంది. స్ప్రింగులే లేని ట్రాక్టరు, స్ప్రింగులున్న జీపు కంటె తేలికగా పొలం గట్లు దాటడానికి పెద్ద చక్రాలతో పాటు ఇది కూడా ఒక ముఖ్య కారణం. అయితే ట్రాక్టరు నెమ్మదిగా నడిచే యంత్రం. అదే ఏర్పాటు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనానికి పెడితే మలుపులో ఆ ఇరుసు వాహనపు ఒరుగుడును ఏమాత్రం ఆపలేదు. ఒదుగుదలకు, రహదారి మీది నిలకడకు మధ్య గల వైరం ఇక్కడే మొదలవుతుంది.

చక్రం లేస్తే బండి ఎందుకు ఆగుతుంది

ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ మలుపులలో బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరిగేందుకు వీలు కల్పిస్తుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకు తిప్పే బలాన్ని సమానంగా పంచుతుంది. ఇది మేలుగా తోచినా చిక్కంతా ఇందులోనే ఉన్నది. ఒక చక్రం గాలిలో ఉంటే దానిని తిప్పడానికి దాదాపు బలమే అక్కరలేదు. సమానంగా పంచాలన్న నియమం వలన నేలపై ఉన్న రెండవ చక్రానికి కూడా అంతే స్వల్ప బలం అందుతుంది. తేలిన చక్రం గిరగిర తిరుగుతుంది, నేలపై చక్రం కదలదు.

చక్రం పూర్తిగా లేవకపోయినా నష్టమే. ఒక ఇరుసుపై 800 కిలోల బరువు ఉన్నదనుకుందాము. బురదలో చక్రం తనపై ఉన్న బరువులో సుమారు 40 శాతం మేరకు పట్టు ఇస్తుందనుకుందాము. బరువు 400, 400 గా పంచబడితే ఒక్కొక్క చక్రం 160 కిలోల బరువుకు సమానమైన బలంతో త్రోయగలదు, ఇరుసు మొత్తానికి 320. అదే బరువు 700, 100 గా పంచబడితే తక్కువ బరువు గల చక్రం 40 వద్దనే జారిపోతుంది. రెండవ చక్రానికీ 40 మించి అందదు. మొత్తం 80. అనగా నాలుగు చక్రాలూ నేలకు ఆనే ఉన్నా ఆ ఇరుసు త్రోపు నాలుగవ వంతుకు పడిపోయినది. ఒదుగుదల అంటే చక్రం నేలను తాకడం మాత్రమే కాదని, చక్రాలపై బరువు సాధ్యమైనంత సమంగా నిలవడమని ఈ లెక్క వలన తెలుస్తుంది.

ఫోర్ వీల్ లివరు వేసిన జీపులో ముందు, వెనుక ఇరుసులు రెండింటికీ బలం పోతుంది. అందువలన ఒకే ఇరుసు చక్రం లేస్తే రెండవ ఇరుసు బండిని ముందుకు నెట్టగలదు. ప్రమాదమంతా మూలగా లేవడంలో ఉన్నది. వాగు ఒడ్డును ఏటవాలుగా ఎక్కేటప్పుడు ముందు ఎడమ చక్రం, వెనుక కుడి చక్రం గట్టుపై ఉండి, ముందు కుడి, వెనుక ఎడమ చక్రాలు వ్రేలాడతాయి. అప్పుడు రెండు ఇరుసులూ ఒకేసారి పట్టు కోల్పోతాయి. ఒడ్డును నిటారుగా ఎదుర్కొంటే ఈ బాధ ఉండదు కాని ముందు బంపరు గట్టుకు తగులుతుంది. నడిపేవారు ఈ రెండింటి నడుమ కోణం చూసుకొని ఎక్కుతారు.

కొలత

ఒదుగుదలను కొలవడానికి ర్యాంప్ ట్రావెల్ ఇండెక్స్ అనే సూచిక వాడుకలో ఉన్నది. 20 డిగ్రీల వాలు గల గట్టి ర్యాంపుపై ముందు చక్రాలలో ఒకదానిని మాత్రమే ఎక్కిస్తూ, వేరొక చక్రం నేల విడువబోయే చోట ఆపుతారు. ర్యాంపు వెంబడి ఎక్కిన దూరాన్ని వాహనపు ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరంతో భాగించి 1000 తో గుణిస్తే వచ్చినదే సూచిక. పాత విల్లీస్ జీపు ఇరుసుల మధ్య దూరం 80 అంగుళాలు, అనగా 2032 మిల్లీమీటర్లు. అటువంటి జీపు ర్యాంపుపై 1000 మిల్లీమీటర్లు ఎక్కితే సూచిక 492 అవుతుంది. అప్పటికి ఎక్కిన చక్రం నేల నుండి సుమారు 342 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. అదే ఎత్తుకు ఎక్కిన 2400 మిల్లీమీటర్ల వాహనానికి సూచిక 417 మాత్రమే. సూచిక 1000 అంటే వెనుక చక్రం ర్యాంపు మొదలుకు చేరినదన్నమాట.

ర్యాంపు లేనివారు ఇంటి వద్ద సమతల నేలపై రాళ్ళు పేర్చి, వాటిపై పలక వేసి ఒక ముందు చక్రాన్ని మెట్టుమెట్టుగా ఎక్కించి, మిగిలిన చక్రాల క్రింద కాగితం ముక్క జొనిపి చూడవచ్చును. కాగితం తేలికగా లాగబడిన చక్రం లేవబోతున్నట్టు. జాకీపై నిలిపిన వాహనం క్రింద మాత్రం ఎవరూ దూరరాదు. ఈ సూచికకు ఒక పెద్ద లోపం ఉన్నది. చక్రం నేలను తాకుతున్నదా లేదా అన్నదే ఇది చెబుతుంది, ఎంత బరువుతో తాకుతున్నదో చెప్పదు. పై లెక్కలోని 700, 100 ఇరుసు కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది.

ఘన ఇరుసు, స్వతంత్ర సస్పెన్షన్

రెండు చక్రాలను ఒకే దూలం వంటి గొట్టం కలిపితే అది ఘన ఇరుసు. ఒక్కొక్క చక్రానికి వేరుగా చేతులు ఉంటే అది స్వతంత్ర సస్పెన్షన్. రహదారిపై రెండవదే మేలు. గతుకుల నేలపై ఘన ఇరుసుకు ఒక సహజమైన సౌలభ్యం కలదు: ఒక చక్రం పైకి నెట్టబడినప్పుడు, త్రాసు కాడ వలె, అది రెండవ చక్రాన్ని క్రిందికి నొక్కుతుంది. స్వతంత్ర సస్పెన్షన్‌లో ఈ సహాయం లేదు. పైగా పొట్టి చేతుల వలన చక్రపు ప్రయాణం కూడా తక్కువ. అయితే ఘన ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్ గుండు ఎప్పుడూ క్రిందనే ఉండి గాళ్ళ నడుమ మిట్టకు తగులుతుంది. ఏ పద్ధతీ అన్ని విధాలా గొప్పది కాదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో 1941 నుండి 1945 వరకు అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ సంస్థలు తయారు చేసిన ఆరు లక్షలకు పైగా జీపులకు ముందు, వెనుక ఘన ఇరుసులు, కమాను పట్టీలు ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చడం ప్రారంభించినది. ఆ వంశపు జీపులు దశాబ్దాల పాటు అదే ఏర్పాటుతో వచ్చాయి. 1985లో వచ్చిన మారుతి జిప్సీకి కూడా నాలుగు వైపులా కమాను పట్టీలే. 2010లో వచ్చిన మహీంద్రా థార్‌కు ముందు స్వతంత్ర సస్పెన్షన్, వెనుక కమాను పట్టీలు. 2020 నాటి థార్‌కు ముందు స్వతంత్ర ఏర్పాటు ఉంచి, వెనుక ఘన ఇరుసును చుట్టు స్ప్రింగులపై నిలిపారు. 2021 నాటి ఫోర్స్ గూర్ఖాకు కూడా ఇదే విధమైన ఏర్పాటు, అదనంగా రెండు ఇరుసులకు డిఫరెన్షియల్ లాకులు కలవు. 2023లో మన దేశంలో విడుదలైన మారుతి జిమ్నీకి మాత్రం ముందు, వెనుక రెండూ ఘన ఇరుసులే, నాలుగు చుట్టు స్ప్రింగులు. విదేశాలలో 1970 నాటి రేంజ్ రోవర్ ఘన ఇరుసులకు పొడవైన చుట్టు స్ప్రింగులు పెట్టి ఈ బాటలో పెద్ద మలుపు తెచ్చినది. జర్మనీ వారి యూనిమాగ్ వాహనంలో చట్రమే కొంత మెలితిరిగేటట్టు రూపొందించబడినది.

కమాను పట్టీల లెక్క

తెలుగునాట పల్లెలలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించే పాత జీపులన్నీ కమాను పట్టీలవే కనుక వీటిని కొంత వివరంగా తెలుసుకోవలసి ఉన్నది. పట్టీల కట్ట గట్టిదనం పట్టీల సంఖ్యకు, వెడల్పుకు అనులోమంగాను, మందం ఘనానికి అనులోమంగాను, పొడవు ఘనానికి విలోమంగాను ఉంటుంది. ఈ "ఘనం" అనే మాటలోనే కిటుకంతా ఉన్నది. 6 మిల్లీమీటర్ల పట్టీ స్థానంలో 7 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే గట్టిదనం సుమారు 1.6 రెట్లు అవుతుంది. 8 వేస్తే సుమారు 2.4 రెట్లు. మరొకవైపు పట్టీల పొడవును 25 శాతం పెంచితే గట్టిదనం దాదాపు సగానికి తగ్గుతుంది. పొడవైన, పలుచని పట్టీలు ఒదుగుతాయి, పొట్టివి, మందమైనవి ఒదగవు.

పల్లెల మధ్య జనాన్ని చేరవేసే జీపులకు అదనపు పట్టీలు వేయించడం పరిపాటిగా ఉండేది. బరువుకు బండి కూర్చుండిపోకుండా ఇది కాపాడుతుంది. కాని అదే జీపు ఖాళీగా వాగులోకి దిగితే పట్టీలు వంగవు, మూల చక్రం వెంటనే లేస్తుంది. "మన జీపుకు ఫోర్ వీల్ పని చేయడం లేదు" అని గేరుపెట్టె విప్పించే ముందు పట్టీలు లెక్కపెట్టడం మంచిది.

పట్టీల మధ్య రాపిడి మరొక అడ్డంకి. కట్ట వంగినప్పుడు పట్టీలు ఒకదానిపై ఒకటి జారాలి. తుప్పు పట్టి, ఒండ్రు దూరి గట్టిపడిన కట్ట ఒకే మందమైన పట్టీ వలె ప్రవర్తించడం మొదలుపెడుతుంది. నదీ తీరంలో తిరిగే వాహనాలకు ఇది తరచుగా వచ్చే జబ్బు. కట్ట వంగినప్పుడు దాని పొడవు కూడా మారుతుంది కనుక ఒక చివర షాకిల్ అనే ఊగే కొక్కెం ఉంటుంది. షాకిల్ బోల్టు అతిగా బిగిసినా, బుష్ పట్టేసినా ఊగడానికి దారి ఉండదు, పట్టీలు బాగున్నా ప్రయోజనం శూన్యం. ఇరుసు ఒక ప్రక్కకు వంగినప్పుడు పట్టీలు కొంత మెలి కూడా తిరగాలి. రబ్బరు బుష్‌లు దీనికి చోటిస్తాయి, అరిగినవి చప్పుడు చేస్తాయి, రాయి వంటి గట్టి బుష్‌లు పట్టీ కంటినే చీలుస్తాయి.

మెరుగుపరిచే పద్ధతులు

మొదట చేయవలసినవి మార్పులు కావు, మరమ్మతులు. కట్టలను విప్పి, పట్టీల మధ్య తుప్పు గీకి, పలుచగా గ్రీజు పూసి తిరిగి బిగించడం, సెంటరు బోల్టు, యూ బోల్టులు సరిచూడడం, బుష్‌లు మార్చడం. దీనికే తేడా స్పష్టంగా తెలుస్తుంది. తరువాత అదనపు పట్టీలుంటే, వాహనం మోయబోయే బరువు చూసుకొని, తయారీదారు ఇచ్చిన సంఖ్యకు తగ్గించాలి. అనవసరపు సామాను దింపడం కూడా ఒక పద్ధతే, ముఖ్యంగా కప్పుపై మోసే బరువు.

టైర్ల గాలి కొంత తగ్గించడం ఖర్చు లేని మరొక ఉపాయం. ఇసుకలోను, గుండ్రాళ్ళపైనా టైరు తానే కొంత వంగి రాతిని పొదువుకుంటుంది. రహదారిపై వాడే గాలిలో మూడింట రెండు వంతులకు తగ్గించడం చాలామంది పాటించే పద్ధతి. తిరిగి తారు రోడ్డు ఎక్కే ముందు గాలి నింపక తప్పదు, లేనిచో టైరు వేడెక్కి పగులుతుంది. కనుక గాలి పంపు వెంట లేనివారు ఈ ఉపాయం జోలికి పోరాదు.

పట్టీలు బాగుండి కూడా చక్రం దిగడం లేదంటే చాలా సందర్భాలలో షాక్ అబ్జార్బరు పొడవు చాలక అడ్డుపడుతున్నట్టు. చక్రం పూర్తిగా వ్రేలాడినప్పుడు షాక్ అబ్జార్బరు పట్టి లాగకూడదు, పూర్తిగా పైకి నొక్కబడినప్పుడు లోపలి అడుగుకు కొట్టుకోకూడదు. ఈ రెండు కొలతలూ తీసుకున్న తరువాతనే పొడవైనవి కొనాలి. పొడవైనవి వేసిన వెంటనే మరి కొన్ని భాగాలు బయటపడతాయి: బ్రేకు రబ్బరు గొట్టం సాగి తెగవచ్చును, ప్రొపెల్లరు షాఫ్టు జారుడు కీలు ఊడిరావచ్చును, చక్రం మడ్‌గార్డుకు రాయవచ్చును. వీటిలో బ్రేకు గొట్టం సంగతి అన్నింటి కంటె ముందు చూడవలసినది. వాగులో తెగిన గొట్టం వాగులో తెలియకపోవచ్చును, దిగుడులో తెలుస్తుంది.

ఒరుగుడును తగ్గించే అడ్డకడ్డీ (యాంటీ రోల్ బార్) ఉన్న వాహనాలలో, నెమ్మదిగా నడిచే చోట దానిని ఒక ప్రక్క విడదీస్తే ఇరుసు స్వేచ్ఛగా ఊగుతుంది. కొన్ని విదేశీ జీపులలో మీట నొక్కితే ఇది దానంతట అదే విడిపోతుంది. చేతితో విడదీసినవారు తిరిగి తగిలించడం మరచి రహదారి ఎక్కితే మలుపులో బండి ఒరిగిపోతుంది.

ఇక పెద్ద మార్పులు. పొడవైన షాకిళ్ళు వేయడం చవకైన పద్ధతిగా ప్రసిద్ధి పొందినది. షాకిల్ రెండు అంగుళాలు పెరిగితే ఇరుసు వద్ద ఎత్తు ఒక అంగుళమే పెరుగుతుంది. ఒదుగుదలలో వచ్చే లాభం స్వల్పం. కాని ముందు ఇరుసు కోణం మారి స్టీరింగు వణకడం, వేగంలో బండి అటూ ఇటూ లాగడం మొదలవుతాయి. ఖర్చు తక్కువన్న మాటే గాని లాభనష్టాలు బేరీజు వేస్తే ఇది అంతగా మెచ్చదగిన పద్ధతి కాదు.

ఇరుసు క్రింద ఉండే పట్టీల కట్టను ఇరుసు పైకి మార్చడం మరొకటి. దీనితో వాహనం నాలుగైదు అంగుళాలు లేస్తుంది, మెత్తని, చదునైన పట్టీలు వాడడానికి వీలు కలుగుతుంది, కనుక ఒదుగుదల నిజంగానే పెరుగుతుంది. దానితో పాటే స్టీరింగు కడ్డీల వాలు, ప్రొపెల్లరు షాఫ్టు కోణం మారుతాయి. బ్రేకు వేసినప్పుడు, ఎక్కువ బలం ఇచ్చినప్పుడు పట్టీలు ఇరుసుతో పాటు మెలికపడతాయి. వీటన్నింటినీ లెక్కకట్టి సరిచేయగల మెకానిక్కు ఉన్నప్పుడే ఈ పని తలపెట్టాలి. కమాను పట్టీలు తీసివేసి చుట్టు స్ప్రింగులు, ఇరుసును పట్టి ఉంచే చేతులు అమర్చడం ఇంకా మంచి ఫలితం ఇస్తుంది. పట్టీలు బరువు మోయడంతో పాటు ఇరుసును స్థానంలో నిలిపే పని కూడా చేస్తాయి. చుట్టు స్ప్రింగు బరువు మాత్రమే మోస్తుంది. అందుచేత చేతుల అతుకు తెగితే ఇరుసే ప్రక్కకు పోతుంది. ఇది వీధి చివరి వెల్డింగు దుకాణంలో చేయించదగిన పని కాదు.

ఒదుగుదలకు ప్రత్యామ్నాయం కూడా కలదు. డిఫరెన్షియల్ లాకు వేసినప్పుడు రెండు చక్రాలు కలిసి తిరుగుతాయి, ఒకటి గాలిలో ఉన్నా నేలపై ఉన్నది నెడుతుంది. జిమ్నీ, 2020 థార్ వంటి కొత్త వాహనాలలో వట్టిగా తిరిగే చక్రానికి దానంతట అదే బ్రేకు పడి, బలం రెండవ చక్రానికి మళ్ళుతుంది. స్ప్రింగులను ముట్టకుండా, ఎత్తు పెంచకుండా ఈ లాభం దొరుకుతుంది. అయితే చక్రం గాలిలోకి లేచినప్పుడు బండి ఒరగడం, హఠాత్తుగా మరొక మూలకు పడడం లాకుతో పోవు. వాటికి మందు ఒదుగుదలే.

ఎత్తు, బోర్లాపడడం

వాహనం ప్రక్కకు బోర్లాపడే అవకాశాన్ని అంచనా వేయడానికి సులభమైన నిష్పత్తి ఒకటి ఉన్నది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని బరువు కేంద్రపు ఎత్తుకు రెట్టింపుతో భాగించాలి. పాత జీపు చక్రాల మధ్య దూరం సుమారు 1240 మిల్లీమీటర్లు. బరువు కేంద్రం 650 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నదనుకుంటే నిష్పత్తి 0.95. సస్పెన్షన్ ఎత్తు చేయడం వలన అది 730 కి చేరితే నిష్పత్తి 0.85 కు దిగుతుంది. అంకెలలో చిన్న తేడాగా కనిపించినా మలుపులో ఇది నేరుగా పదింట ఒక వంతు నిలకడ పోవడమే. అంతకు మించి, మెత్తబడిన స్ప్రింగుల వలన వాహనం ఒరుగుడు పెరిగి బరువు కేంద్రం ప్రక్కకు జరుగుతుంది, ఈ నిష్పత్తి దానిని లెక్కలోకి తీసుకోదు. వెనుక బల్లలపై జనం కూర్చుంటే కేంద్రం మరింత పైకి పోతుంది.

ఆలంపూర్ చౌరస్తా వద్ద 44వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 7వ నంబరు) ఉన్నది. నది ఒడ్డున గంటకు పది కిలోమీటర్లతో నడిచిన జీపే కొద్దిసేపటికి ఆ రహదారిపై లారీల నడుమ పరుగెత్తవలసి వస్తుంది. వాగులో మెప్పు పొందిన మార్పు రహదారిపై ప్రాణాంతకం కావచ్చును. అందుచేత ఒదుగుదలను ఎత్తు పెంచకుండా సాధించగలిగినంత మేర సాధించి, అక్కడితో ఆగడం వివేకమని చెప్పవచ్చును.

చట్టపరమైన సంగతులు

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు చెందిన ఒక వ్యాజ్యంలో ఈ సెక్షన్‌ను ఖచ్చితంగా అన్వయించవలసి ఉన్నదని తీర్పు ఇచ్చినది. అదే సంవత్సరం చేసిన చట్ట సవరణ ద్వారా చేర్చబడిన 182ఏ సెక్షన్ క్రింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. అరిగిన భాగం స్థానంలో తయారీదారు నిర్దేశించిన భాగమే వేయడం మరమ్మతు. పట్టీలు ఇరుసు పైకి మార్చడం, చుట్టు స్ప్రింగులు అమర్చడం వంటివి ఆ కోవలోకి రావు. ఇటువంటి మార్పుల తరువాత ప్రమాదం జరిగితే బీమా పరిహారం విషయంలోనూ చిక్కులు ఎదురవుతాయి.

నల్లమలలోని ఆమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతించిన దారులలో తప్ప వాహనం నడపడం నిషిద్ధం. వాహనానికి ఎంత ఒదుగుదల ఉన్నా ఈ నియమం మారదు.

ఒదుగుదల పనికిరాని చోట్లు

వాన పడిన నల్లరేగడిలో సమస్య వేరు. అక్కడ నేల దాదాపు సమంగానే ఉంటుంది, నాలుగు చక్రాలూ నేలపైనే ఉంటాయి, అయినా బండి కదలదు. మట్టి టైరు గాళ్ళలో నిండి, చక్రం నున్నని రోలరు వలె మారుతుంది. లోతైన గాళ్ళున్న టైర్లు, ఆగకుండా ఒకే వేగంతో నడపడం కొంత సహాయపడతాయి. మడ్‌గార్డు లోపల మట్టి పేరుకొని చక్రమే తిరగకుండా పట్టేసిన సందర్భంలో దిగి గడ్డపారతో తీయడమే మార్గం. మునక నేలలో ఎండిన ఒండ్రు పొర పగిలి ఇరుసు వరకు కూరుకుపోయిన జీపుకు కూడా స్ప్రింగుల మెత్తదనం ఉపయోగపడదు. చక్రాల ముందు ఒండ్రు తవ్వి, క్రింద రాళ్ళో, కంది కట్టెలో పరచి, వెనుకకు వచ్చిన దారినే తీయాలి. పైన ఎండినట్టు కనిపించే అటువంటి నేలపైకి దిగే ముందు నడిచి వెళ్ళి, మడమతో గట్టిగా నొక్కి చూడడం నది ఒడ్డు గ్రామాలలో తెలిసిన జాగ్రత్తే.